తెల్లగా తేలిన తీగ

మార్చి తొమ్మిది, సోమవారం. పొద్దుటి నుంచే ఎండ గట్టిగా ఉంది. దుకాణం ముందు ఊడ్చి నీళ్లు చల్లాను. షట్టర్ సగం ఎత్తేసరికి ఫోన్ వచ్చింది. ఉస్తాద్ నిద్రలోనే పోయాడు.

ఇబ్రహీంపట్నంలో కాలిన మోటార్లకు కొత్త తీగ చుట్టేవాళ్లలో ఆయన పాతవాడు. నన్ను కూర్చోబెట్టి ఏదీ నేర్పలేదు. పక్కనుండి చూసి నేర్చుకున్నాను. టీ సగం తాగి మరిచిపోయేవాడు. రాగి తీగ ముక్క కింద పడితే మాత్రం వంగి తీసేవాడు.

ఒక యాసంగిలో మంచాల నుంచి ఒక అక్క బావి మోటారును ఆటోలో వేసుకొచ్చింది. మోటారు కాలిపోయింది, వరి పొట్ట మీద ఉంది. ఉస్తాద్ ఊళ్లో లేడు. మా తీగ అయిపోతే మన్నెగూడలోని ఒక దుకాణం నుంచి తెచ్చి నేనే చుట్టాను. ఎర్రగా మెరుస్తుంటే రాగే అనుకున్నాను. మర్నాడు ఆమె తీసుకుపోవడానికి వచ్చినప్పుడే ఉస్తాద్ కూడా వచ్చాడు. మిగిలిన తీగ చుట్టను చేతిలోకి తీసుకుని ఆగాడు.

"గిదేందిరా, గింత తేలిగ్గున్నది?"

బ్లేడుతో గీకాడు. పూత కింద తెల్లగా తేలింది. అల్యూమినియం.

"నడుస్తది గద ఉస్తాద్" అన్నాను.

"నడుస్తది. ఆటో ఎక్కేదాక నడుస్తది."

ఆమె వైపు తిరిగాడు. "అక్కా, రాగిల కరెంటు అలకగ పోతది. దీంట్ల గంతే పోవాలంటే తీగె లావుండాలె. లావు తీగె మోటరు సందులల్ల పట్టది. సన్నది పెడితే ఉడికి మళ్ల కాలుతది. అతుకు గూడ నిలువది."

"గా ముచ్చట్లు నాకెందుకన్నా? మడి నెర్రెలిస్తున్నది. గిట్లనే ఇయ్యి, తీస్కపోత."

"ఇయ్య. తప్పు మాది. రేపు పగటాల్లకు ఇస్త."

"గప్పటిదాక బిందెతోని నువ్వు వోస్తవా నీళ్లు?"

ఆయన ఉలి తీసుకుని నేను చుట్టినదంతా కోసేశాడు. నాకు కోపం వచ్చింది. ఆమె అడిగిందే న్యాయం అనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం రాగి తీగతో మోటారు బిగించి వచ్చాము. నీళ్లు పారాయి. కోతలయ్యాక ఆమె దుకాణానికి వచ్చి, అందరి ముందూ అంది.

"చివరి మడి మొత్తం తాలే, ఉస్తాద్."

"అవ్ అక్కా. మా తప్పుతోనే."

ఆయన నా వైపు చూడలేదు. ఆ తర్వాత కూడా 'మా' అన్నదాన్ని 'వీని' అని ఎవరి దగ్గరా మార్చలేదు. మోటారు మాత్రం మళ్లీ మా దగ్గరికి రాలేదు, ఇప్పటికీ నడుస్తోంది.

ఈ రోజు స్నానం చేయించేటప్పుడు ఆయన చేతులు నేనే కడిగాను. గోళ్ల అంచుల్లో, చుట్టిన తీగకు పోసే వార్నిష్ సబ్బుకు పోలేదు. అట్లాగే వదిలేశాను.

మంచాల అక్క కూడా వచ్చింది. దహనం అయ్యాక నా పక్కన నిలబడింది.

"గప్పుడు చుట్టింది నువ్వే గద?"

"ఉస్తాద్ చెప్పిండా?"

"ఆయనేం జెప్పలే. నీ మొఖమే జెప్పింది. ఇగ మా మోటర్లు నువ్వే జూడాలె. తప్పయితే జెప్తవా మరి, ఆయన లెక్క?"

"చెప్త అక్కా" అన్నాను. నమ్మిందో లేదో తెలియదు. బస్సు వస్తే ఎక్కి వెళ్లింది.

నాలుగింటికి ఇంటికి వచ్చి స్నానం చేశాను. తర్వాత దుకాణం తెరిచి, నిన్న విప్పి పెట్టిన మోటారును ముందుకు లాక్కుని, కొత్త తీగను చుట్టే ముందు బ్లేడుతో గీకి చూశాను.