గాజు పెట్టెలో నా బొంత

మొన్న మా అమ్మాయి పనిచేసే బట్టల మ్యూజియంలో అడుగు పెట్టగానే కలరా ఉండల వాసన ముక్కుకి తగిలింది. రాణులు కట్టిన జరీ లంగాలు, దొరసానుల గౌన్లు, పేరుమోసిన డిజైనర్ల పెళ్ళిబట్టలు, అన్నీ చల్లటి గదిలో గాజు వెనకాల తలల్లేని బొమ్మలకి తొడిగి ఉన్నాయి. ఒక మూల పొడుగు కోటు దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. దాని భుజం మీద ఉన్నది ఎర్ర పోగు తేలిన మా నానమ్మ ఆకుపచ్చ గళ్ళచీర, వీపున ఉన్నది మా అమ్మమ్మ పసుపు నేతచీర. ఎవరో నా బొంతని కోసి కోటు చేశారు. నేను చదివింది నాలుగో తరగతి, రాయడం ఇదే మొదలు, తప్పులుంటే సర్దుకోండి. ఇది చెప్పకపోతే నాకు ఊపిరాడేలా లేదు.

మేముండేది తెలుగుదేశానికి దూరంగా, హిందీవాళ్ళ మధ్య, బాగ్‌బేరా రైల్వే క్వార్టర్లలో. నాన్నకి యార్డులో పని. చలికాలం పొద్దున్నే ఇంజన్ల పొగా, ఇంటింటి బొగ్గుపొయ్యి పొగా కలిసి వీధిలోకి దిగితే, అమ్మ కాచిన చోడి అంబలి గ్లాసు రెండు చేతులా పట్టుకుని, గుమ్మంలో కూర్చుని, బండి పెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకునే చప్పుడు వింటూ తాగేవాళ్ళం. సాయంత్రం బీహారీ పిల్లలతో తొక్కుడుబిళ్ళ, దసరాకి బెంగాలీ పందిట్లో వేడి కిచిడీ, ఇంటికొస్తే అమ్మ వండిన బూరెలు.

అమ్మ జాకెట్లు కుట్టేది. ఆమె మిషను చప్పుడు లేని మధ్యాహ్నం నాకు గుర్తులేదు. మావాళ్ళలో ఆడపిల్ల పుడితే ఇంటి ఆడవాళ్ళందరి పాతచీరలూ అడిగి తెచ్చి, మెత్తబడేదాకా ఉతికి, చాప మీద పరిచి, వీధిలో అమ్మలక్కలంతా నాలుగు మూలలా కూర్చుని కబుర్లాడుకుంటూ బొంత కుట్టేవారు. ఆ పిల్ల పెళ్ళయి వెళ్తూ దాన్ని పట్టుకెళ్ళాలి, తన తొలి బిడ్డని దాని మీదే పడుకోబెట్టాలి. నాకన్నా పెద్దది మా అప్పకొకటి, నాకొకటి ఉండేవి. పండగలకి పెట్టెలోంచి తీసి ఎండేసినప్పుడు నేను నా బొంతలో దూరి, ఇది నానమ్మ, ఇది అమ్మమ్మ, ఇది పెద్దత్త అని ముక్క ముక్కకీ పేరు పెట్టి పిలిచేదాన్ని.

ఆఫీసర్ల బంగళాల నుంచి ఒక మేడమ్ అమ్మ దగ్గరికి వచ్చేది. అమ్మని దీదీ అనేది, మా ఇంట్లో చాప మీద కూర్చుని టీ తాగేది. ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి పెట్టెలో నా బొంత లేదు. "మేడమ్ ఎవులికో సూపిత్తానని అట్టుకెళ్ళింది, తెచ్చెత్తాది," అంది అమ్మ. కొన్నాళ్ళకి మేడమ్ భర్తకి బదిలీ అయింది. బొంత రాలేదు. నేను గుమ్మంలో నిలబడి, "దాని సేతులు పడిపోనూ!" అని ఏడిస్తే అమ్మ నా నోరు మూసేది. "అలాగనకే. ఎంతైనా బొంతే కదేటి," అనేది. ఎంత మంచిదో మా అమ్మ అనుకున్నాను. నా కూతురు పుట్టినప్పుడు బజారు దుప్పటి మీద పడుకోబెట్టి, ఆ మేడమ్‌ని మళ్ళీ తిట్టాను.

మ్యూజియం మెట్ల మీద కూర్చుని, బాగ్‌బేరా పక్కనే పర్సుడీహ్‌లో ఉన్న అప్పకి ఫోన్ చేశాను.

"అప్పా, ఆ మేడమ్ నా బొంతని కోసీసి కోటు కుట్టీసింది!"

అప్ప నవ్వింది. "దానికి సూదిలో దారం ఎక్కించడం రాదే. నీకింకా తెల్దేటి? కోసిందీ అమ్మే, కుట్టిందీ అమ్మే."

"అబద్దం."

"నువ్వు ఇస్కూలుకెళ్ళినాక తలుపేసుకుని కుట్టీది. నేను కాజాలు తీసీదాన్ని. మేడమ్ ఏదో పుస్తకంలో బొమ్మ సూపించింది, ఇలాటిది కుట్టగలవా దీదీ అని. అది సూసిన కాడ్నించి అమ్మకి నిద్దర నేదు. అన్నాళ్ళూ జాకెట్లే కదేటి కుట్టింది. కొత్తగుడ్డతో అలాగ రాదు, పాత సీరలే కావాలంది."

"నీ బొంత కూడా ఉంది కదే పెట్లో!"

"నాకప్పటికే సమ్మందం కుదిరిపోనాది. అత్తోరు అడగరేటి? నువ్వు సిన్నపిల్లవి, మరోటి కుట్టెత్తానంది. నాసేత ఒట్టేయించుకుంది." తర్వాత మెల్లగా చెప్పింది. "ఇచ్చీముందు ఓపాలి తనే తొడుక్కుని అద్దంలో సూసుకుందే."

ఫోన్ పెట్టేశాను. ఇన్నేళ్ళూ నేను శాపాలు పెట్టింది మా అమ్మ చేతులకన్నమాట. వింటూ, నా నోరు మూస్తూ, ఆ రహస్యంతోనే పోయింది. అడగడానికి అమ్మ లేదు, పొగ ఇంజన్లు లేవు, చాప పరిచి పిలిస్తే వచ్చే అమ్మలక్కలు లేరు. బాగ్‌బేరాలో ఇప్పుడు అందరిళ్ళలోనూ బజారు కంబళ్ళే.

మా అమ్మాయి వచ్చి అంతా విని నన్ను మళ్ళీ కోటు దగ్గరికి తీసుకెళ్ళింది. కింద చీటీ మీద, కుట్టినవారు అన్నచోట, మేడమ్ పేరుంది. కాలరు ఎక్కడా ముడత లేకుండా కూర్చుంది. గళ్ళకి గళ్ళు కలిశాయి. అంత అందమైన కోటు ఆ గదిలో ఇంకోటి లేదు.

"మా, నానీ కా నామ్ లిఖ్‌వా దూఁ?" అంది. తను చెబితే చీటీ మీద మా అమ్మ పేరు రాస్తారట.

"వద్దు," అన్నాను. "అమ్మ దాచుకున్నది దాగే ఉండనీ. ఆ మేడమ్ పేరే ఉండనీ."

మా అమ్మకి నేను చెయ్యగలిగింది ఇప్పుడు అదొక్కటే.