నాలుగు మంచాల గది

దెయ్యాల కథలంటే నాకు విసుగు. నేను నర్సుని. ప్రాణం పోయినవాళ్లకు ఒళ్లు తుడిచి, బట్టలు మార్చిన చేతులివి. వాళ్లలో ఒక్కరూ లేచి రాలేదు. అందుకే ఈ సంగతి రాయడానికి ఇన్నాళ్లు వెనకాడాను.

మాది వజ్రపుకొత్తూరు వైపు. టెక్కలి దగ్గర ఒక వృద్ధాశ్రమంలో పనిచేస్తున్నాను. నేను చేరినప్పుడు పెద్దవాళ్లను చూసుకోవడానికి ఏడుగురం ఉండేవాళ్లం. ఇద్దరు విశాఖ ఆసుపత్రులకు వెళ్లిపోయారు. ఒకమ్మాయి పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో చేరింది. జీడి అంటి వేళ్లు పొక్కినా ఈ పనికంటే అదే నయమంది. కొత్తవాళ్ల కోసం ఆటోల వెనక కాగితాలు అంటించాం. "ముసలోల్ల సాకిరీ ఎవలు సేత్తారమ్మా?" అని ముఖం మీదే అడిగారు.

తర్వాత మాలో జానకి కూడా వెళ్లింది. హైదరాబాదులో ఒకరింట్లో ఉండి పెద్దాయనను చూసుకునే పని. "అక్కడ ఒక్కలే అక్కా. ఇక్కడ ఇరవై రెండు మంది. నా నడుం పోనాది" అని నా చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆపలేకపోయాను.

ఇది జరిగింది ఆమె వెళ్లిన మూడో వారంలో. మిగిలిన ఇద్దరిలో ఒకామెకు జ్వరం, ఇంకొకామె చెప్పకుండా మానేసింది. ఉదయం నుంచి నేనొక్కదాన్నే.

ఆడవాళ్ల వైపు చివరి గదిలో నాలుగు మంచాలు. నలుగురూ సొంతంగా కదల్లేనివాళ్లే. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే పుండ్లు పడతాయి. పదింటికి తిప్పాను. మధ్యాహ్నం మగవాళ్ల వైపు ఒకాయనకు ఊపిరి అందలేదు. అంబులెన్సు వచ్చేదాకా ఆయన్ని వదిలి కదల్లేదు. ఆ గది గుర్తొచ్చేసరికి మూడు దాటింది.

పరుగున వెళ్లాను. నలుగురూ కిటికీ వైపు తిరిగి పడుకుని ఉన్నారు. మోకాళ్ల మధ్య దిండ్లు. పొడి దుప్పట్లు. తడిసినవి మూలన బకెట్లో నానబెట్టి ఉన్నాయి.

ఆ గదిలో మాట, మతి సరిగ్గా ఉన్నది తుంటి విరిగిన టీచరమ్మకొక్కరికే. ఎవరు తిప్పారని అడిగాను.

"జానకే. ఎప్పుడొచ్చినాదమ్మా? పలకరిస్తే పలకనేదు. పని సేసుకుని ఎలిపోనాది."

వంటామె వంటగది దాటలేదంది. గేటు కాపలా తాత అంబులెన్సు తప్ప ఏదీ లోపలికి రాలేదన్నాడు.

జానకికి ఫోన్ చేశాను. ఎక్కడున్నావని మాత్రమే అడిగాను.

"హైదరాబాదులోనే అక్కా. పెద్దాయన తిని పడుకున్నారు. నాకూ కుర్సీలో నిద్దరట్టేసింది. కల్లో మన నాలుగు మంచాల గదే. లేచినకాడి నుంచి సేతులు ఒకటే పీకుడు." ఆ వెంటనే తనే అడిగింది. "నరసమ్మ మామ్మకి నడుం కింద పుండవుతంది. సూసినావా?"

ఆ నలుగురిలో నరసమ్మ గారికి పక్షవాతం. నొప్పి అని చెప్పలేరు. దుప్పటి తీసి చూశాను. వెన్ను చివర చింతగింజంత మేర చర్మం లేచిపోయింది.

ఆ ఉదయం డ్యూటీ పుస్తకంలో ఆమె పేరు ఎదురుగా "చర్మం బాగుంది" అని నేనే రాశాను. చూడకుండానే. టైము లేక.

జానకితో ఉన్నదంతా చెప్పాను. "నాను రానేదక్కా" అంది భయంభయంగా. ఆ తర్వాత ఆమె ఎప్పుడు ఫోన్ చేసినా ఆ ఊసెత్తలేదు.

రోజూ కట్టు కట్టగా పుండు మానింది. నరసమ్మ గారు ఇప్పటికీ ఉన్నారు. నేను పుస్తకంలో ఆ మాట కొట్టేసి నిజం రాసి, మేనేజరు గారికి చూపించాను. ఆయన తిట్టలేదు. తిడితే నేనూ వెళ్లిపోతానని భయం కాబోలు.

టీచరమ్మ పొరబడిందనుకుందామా? మరి దుప్పట్లు? ఎవరో బయటివాళ్లు వచ్చారనుకుందామా? మరి పుండు సంగతి జానకికి ఎలా తెలిసింది? ఎటు తిప్పి చూసినా ఏదో ఒకటి మిగిలిపోతోంది.

ఆ పూట ఆ నలుగురినీ తిప్పింది ఎవరో నాకు తెలియదు. తిప్పాల్సింది మాత్రం నేను.