టెలిఫోను గొంతు

లోరెయిన్ హెడ్లీ తెరమీద ఎన్ని చావులు చచ్చిందో ఆమెకే గుర్తుండదు. టెక్సాస్ షెరీఫ్‌గా ఒకసారి, చికాగో నర్సుగా ఒకసారి, తాగుబోతు మొగుడి చేతిలో ఇంకోసారి. అమెరికాలో పుట్టి పెరిగినవాళ్ళు కూడా ఆమెను తమ ఊరి మనిషే అనుకునేవారు. మా గని కార్మికుల క్లబ్బులో మాత్రం నవ్వులే నవ్వులు. "ఒరే నార్మనూ, సౌండు పెంచరా! మన ఓలివ్ కూతురు మళ్ళీ పోయేలాగుంది" అని ముసలాళ్ళు బారు వెనక నిలబడ్డ నన్ను కేకేసేవారు.

మాది స్కార్‌లా, ఇంగ్లండు ఉత్తరాన బొగ్గు గని ఊరు. గని మూసేశాక మాకు మిగిలినవి ఆ క్లబ్బూ, మా యాసా. ఆ యాసకు లండన్లో నవ్వుతారని మాకు తెలుసు. అందుకే ప్రతి ఇంట్లోనూ రెండో గొంతు ఒకటి ఉంటుంది. డాక్టరు దగ్గర, స్కూలు మేష్టారి దగ్గర, ఎవరైనా కొత్తవాళ్ళు గుమ్మంలోకి వచ్చినప్పుడు, వెన్ను నిటారుగా పెట్టి తీసే శుభ్రమైన గొంతు. దాన్ని టెలిఫోను గొంతు అంటాం. దానితోపాటే రోజూ టీ తాగే మగ్గులు లోపలికి పోయి, సాసర్లున్న కప్పులు బయటికి వస్తాయి.

లోరెయిన్ నాతోపాటు చదువుకుంది. నాటకాల బడికని లండన్ పోయింది, అక్కణ్ణుంచి అమెరికా. నటించే పనిలో ఒక నియమం ఉందట. షూటింగ్ నడిచినన్ని నెలలూ వేషానికి తగిన అమెరికా యాస వదలకూడదు. భోజనం దగ్గరా వదలకూడదు, కలలోనూ వదలకూడదు. ఒక్కసారి సొంత గొంతు వినిపించిందా, ఇక సినిమావాళ్ళకు ప్రతి మాటలోనూ తప్పులే దొరుకుతాయి. ఆ నియమాన్ని ఆమె ఆదివారం తల్లికి చేసే ఫోనులోనూ పాటించింది. ఫోను తీస్తే అవతల అమెరికా గొంతు. ఓలివ్ ఏం చేస్తుంది పాపం, అలవాటు ప్రకారం నిటారుగా కూర్చుని తన రెండో గొంతు తీసింది. అలా ఏళ్ళు గడిచాయి.

అప్పుడు మా ఊళ్ళో సినిమా తీయడానికి మనుషులు వచ్చారు. గని మూతపడకముందు జరిగిన పెద్ద సమ్మె రోజుల్లో ఓలివ్ ఈ క్లబ్బు వంటగదిలోనే ఊరందరికీ వండి పెట్టింది. ఆ వంటగది కథే సినిమా. ఓలివ్ పాత్రే నాయిక. అది తెలిసిన వారానికే లోరెయిన్ దిగింది.

"ఈ వేషం నాకే రావాలి నార్మన్" అంది. "పదహారేళ్ళప్పుడు ఇక్కడ అమ్మ పక్కన నిలబడి బంగాళాదుంపలు చెక్కు తీశాను. జీవితంలో ఒక్కసారి నా నోటితో నేను మాట్లాడాలి."

ఆ మాటలన్నీ అమెరికా గొంతుతోనే అంది. ఆమెకు తెలియలేదు. నేను గ్లాసు తుడుస్తూ తల దించుకున్నాను.

ఇంకే పాత్రకైనా ఎలా సిద్ధమవుతుందో దీనికీ అలాగే సిద్ధమైంది. చిన్న రికార్డరు పట్టుకుని ముసలాళ్ళ బల్ల దగ్గర కూర్చుంది. అంతవరకూ ఒకర్నొకరు బూతులు తిట్టుకుంటున్న వాళ్ళు కాస్తా చొక్కాలు సర్దుకున్నారు. "వాతావరణం చాలా ఆహ్లాదకరంగా ఉందండీ" అన్నాడు జెఫ్ టులిప్. వాడి నోట ఆ మాట విని నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"వీళ్ళెందుకిలా మాట్లాడుతున్నారు?" అని ఆమె నన్ను పక్కకు లాగింది.

"మరి నువ్వెలగ మాటాడతన్నావే?" అన్నాను.

ఆమె రికార్డరు ఆపేసింది. నేరుగా తల్లి దగ్గరికి వెళ్ళింది. నేనూ వెనకాలే వెళ్ళాను. "అమ్మా, మామూలుగా మాట్లాడవే. నన్ను తిట్టవే, చిన్నప్పటిలా" అని బతిమాలింది.

"నేను మామూలుగానే మాట్లాడుతున్నాను కదమ్మా. టీలో పంచదార ఎంత వేయమంటావు?" అంది ఓలివ్, సాసరున్న కప్పు అందిస్తూ. నిజంగానే ఆమెకు తేడా తెలియలేదు. కావాలని చేస్తే కోప్పడవచ్చు, అలవాటుని ఏం చేస్తాం?

వేషం ఎవరికివ్వాలో తేల్చే పరీక్ష మా క్లబ్బులోనే పెట్టారు. వంటగదిలోకి చొరబడ్డ పోలీసులను ఓలివ్ గరిటె పట్టుకుని తరిమే ఘట్టం. లోరెయిన్ ప్రాణం పెట్టి చేసింది. ప్రతి మాటా సరైనదే, ఏ మాటా మాది కాదు. టీ ఇస్తున్న నాతో దర్శకుడు మెల్లగా అన్నాడు: "అమెరికన్ కదా ఈవిడ? ఫరవాలేదు, మీ యాస కష్టపడి నేర్చుకున్నారు."

"ఆ ఎదర ఈదిలో పుట్టిందయ్యా ఆ మనిసి!" అని అరిచాను. టీ వాడి బూటు మీద ఒలికింది. ఆ ఒలికినందుకు నాకు ఈనాటికీ విచారం లేదు.

వేషం డానా క్రైనర్‌కి పోయింది. ఒహాయో పిల్ల, నిజమైన అమెరికన్. సమ్మెనాటి టేపులు ఎక్కడో దొరికాయట. వాటిలో ఓలివ్ పోలీసులను తిట్టిన తిట్లు వింటూ నెలల తరబడి నేర్చుకుంది.

సినిమా పూర్తయ్యాక ముందుగా మా క్లబ్బులోనే వేశారు. లోరెయిన్ తల్లి పక్కనే కూర్చుంది. తెరమీద డానా నోరు తెరిచిందో లేదో హాలంతా గొల్లుమంది. చచ్చిపోయిన మా అమ్మలందరూ ఒక్కసారి తిరిగొచ్చి మాట్లాడినట్టే ఉంది. ఆ పిల్లను ద్వేషిద్దామనుకునే వెళ్ళాను, చేతకాలేదు.

దీపాలు వెలిగాక డానా వచ్చి ముసలామె ముందు మోకాళ్ళ మీద కూర్చుని తెరమీది గొంతుతోనే పలకరించింది. ఓలివ్ ఆ పిల్ల రెండు బుగ్గలూ పట్టేసుకుంది.

"ఓసి నీ అమ్మ కడుపు సల్లగుండ! అచ్చం నానేనే! ఏటే అలా సిక్కిపోయినావు, ఏటైనా తిన్నావేటే? ఒరే నార్మనూ, పిల్లకి మగ్గుడు టీ తేరా, గుడ్లప్పగించి సూస్తావేటి!"

లోరెయిన్ కన్నార్పకుండా వింటోంది. ఎన్నో ఏళ్ళుగా వెతుక్కుంటున్న గొంతు, జానెడు దూరంలో, వేరే పిల్లకోసం. తల్లి భుజం మీద చెయ్యి వేసి, "అమ్మా" అంది.

ఓలివ్ కళ్ళు తుడుచుకుని, వెన్ను నిటారుగా చేసి కూతురి వైపు తిరిగింది.

"అంత దూరం నుంచి శ్రమపడి వచ్చావు, చాలా సంతోషం అమ్మా" అంది. తర్వాత నాతో, "నార్మన్, మా అమ్మాయికి సాసరుతో ఇవ్వండి."