సిస్టరమ్మ చేపకు జోడు

మొన్న పొద్దున్నే ఎస్టీడీ బూత్ నుంచి ఆయమ్మ ఫోన్ చేసింది. "సిస్టరమ్మ పోయింది బిడ్డా." నా నోట వచ్చిన మొదటి మాట, "నాడి సరిగ్గ చూసిన్రా?" ఆయమ్మ ఏడుస్తూనే నవ్వింది. "అచ్చం ఆమె లెక్కనే అడుగుతున్నవ్."

సిస్టరమ్మ అంటే మా మేనత్త. భద్రాచలం అడవి మొదలయ్యే చోట ఒక చిన్న ఊరి సర్కారు దవాఖానాలో నర్సుగా చేసింది. ఆ దవాఖానా ఆయమ్మ ఆమెకు చేదోడు, ఇంట్లోనూ ఊడ్చిపెట్టేది. అత్తమ్మ పెళ్లి చేసుకోలేదు. పెళ్లికొడుకులందరి మీదా అనుమానమే అని మా నాన్న ఏడిపించేవాడు. మందు సీసాను వెలుతురుకు పట్టి చూడనిదే సూది చేతికి తీసుకునేది కాదు. పాలు పోయించుకుంటే చూపుడు వేలు ముంచి, గోటి మీద చుక్క నిలుస్తుందో జారుతుందో చూసేది. చర్చికి మాత్రం ఏ ఆదివారమూ తప్పలేదు. "నమ్మకం దేవుని మీద పెట్టు. పాలల్ల మాత్రం వేలు పెట్టి చూడు" అనేది.

నేను ఖమ్మంలో కాలేజీ చదివే రోజుల్లో సెలవులకు ఆమె దగ్గరికే వెళ్లేదాన్ని. ఒకసారి ఆ ఊరి ఫారెస్టు రేంజరు గారికి బదిలీ అయి సామాన్ల లారీ వెళ్లిపోయింది. క్వార్టర్ తలుపు ఓరగా ఉందేమిటని అనుమానమొచ్చి అత్తమ్మ లోపలికి తొంగిచూసింది. గాజు తొట్టిలో జానెడు పాచి నీళ్లు, అందులో పక్కకు ఒరిగిపోయిన బంగారు చేప. చేపను టిఫిన్ డబ్బాలో వేసుకుని, తొట్టిని చంకన పెట్టుకుని ఇంటికి తెచ్చింది. బావిలో బ్లీచింగ్ వేయించేది తనే కాబట్టి ఆ నీటిని అసలు నమ్మలేదు. ఒక రోజంతా కుండలో నిలవబెట్టి, వాసన చూసి, అప్పుడు తొట్టిలో పోసేది. చేపకు కేస్ షీటు కూడా రాసింది. నేను మెతుకు వేస్తే నా గుప్పిట విప్పించి మిగిలినవెన్నో చూసేది.

చేప కోలుకుంది గానీ తిండి మానేసింది. రోజంతా మూతితో గాజును పొడుస్తూ ఉండేది. అత్తమ్మ చాలాసేపు చూసి, "దీనికి జబ్బేం లేదే. ఒక్కతే ఉంటున్నది. గీ బాధ నాకు తెల్సు. ఖమ్మం నుంచి జోడు పట్కరా" అంది.

ఖమ్మం వెళ్లినదాన్ని స్నేహితురాళ్లతో సినిమాకు పోయి ఆ సంగతి మరిచాను. కారేపల్లిలో రైలు దిగాక గుర్తొచ్చింది. అత్తమ్మ ఊరి బస్టాండు బావిలో దోమల గుడ్లు తినడానికి మలేరియా వాళ్లు వదిలిన చిన్న చేపలుండేవి. చేదలో పడితే ఎవరైనా తిరిగి బావిలోనే పోసేవాళ్లు. నేను మాత్రం ఒకదాన్ని డబ్బాలో వేసుకుపోయాను.

"ఖమ్మంల గింత బూడిద రంగువి అమ్ముతున్నరా?" అంది అత్తమ్మ.

"పిల్లది అత్తమ్మా. పెద్దయితే రంగొస్తది."

ఆమె నన్నొకసారి, చేపనొకసారి చూసింది. కొత్త రోగిని వార్డులో కలపనట్టు పది రోజులు విడిగా సీసాలో ఉంచి, ఆ తర్వాత తొట్టిలో వదిలింది. మూడో రోజుకు బంగారు చేప తోక పీలికలైంది. పిల్లి మీద, పాలాయన మీద అనుమానాలు తిరిగి తిరిగి చివరికి ఇల్లు ఊడ్చే ఆయమ్మ మీద పడ్డాయి. "చీపురు పుల్ల పెట్టి కెలికినవ్. రేపట్నుంచి నా గడప తొక్కకు." ఆయమ్మ చీపురు గోడకానించి వెళ్లిపోయింది. బావి చేప సంగతి నేను బయటపెట్టలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాడు అత్తమ్మ దవాఖానాకు సెలవు పెట్టి, స్టూలు వేసుకుని తొట్టి ముందు కూర్చుంది. మధ్యాహ్నానికి దొంగ దొరికింది. బూడిద చేప వెనకనుంచి వచ్చి తోక కొరకడం కళ్లారా చూసింది. దాన్ని గ్లాసులోకి తీసి నా ముందు పెట్టింది.

"గిది బస్టాండు బావిది. మలేరియా వాళ్లు బావిల పోసిన్నాడు పక్కన నిలబడి సంతకం పెట్టింది నేనేనే."

"తెల్సి ఎందుకు వేసినవ్ అత్తమ్మా?"

"నా కండ్లు ఒకటి చెప్పినయ్, నువ్వొకటి చెప్పినవ్. నీ మాటనే పట్టుకున్న."

కొట్టి ఉంటే బాగుండేది. నా చెయ్యి పట్టుకుని ఆయమ్మ ఇంటికి తీసుకుపోయింది. నలుగురి ముందూ "తప్పు నాది, మాఫ్ చెయ్" అంది. అబద్ధం ఆడింది నేనని ఏడుస్తూ చెప్పాను. ఆయమ్మ మా ఇద్దరినీ వదిలేసి, "చేప బతికే ఉన్నదా?" అని అడిగింది.

ఆ వారమే ముగ్గురం ఖమ్మం వెళ్లాం. రంగేసి అమ్ముతున్నారేమోనని తడి దూదితో చేపను తుడిచి చూసిగానీ అత్తమ్మ దుకాణం దిగలేదు. తిరుగు రైల్లో నీళ్ల కవరు ఆయమ్మ ఒళ్లో పెట్టుకుంది. మళ్లీ పది రోజుల విడి కాపురం అయ్యాక రెంటినీ కలిపారు. పాత చేప గాజును పొడవడం మానేసింది. ఆ తర్వాత నేను ఏం తెచ్చినా అత్తమ్మ తిప్పి చూసింది, వాసన చూసింది. నాకది న్యాయంగానే తోచేది.

పోయిన నెల చూడబోతే మంచం మీద ఉంది. పాలు కాచి ఇచ్చాను. అలవాటుగా ఆమె చూపుడు వేలు గ్లాసు అంచు దాకా వచ్చింది. నా ముఖం చూసింది. వేలు మడిచింది. గ్లాసు ఎత్తి, చివరి చుక్క దాకా తాగింది.