బంద్ నాడు పని సున్న

కాళ్లు గుంజుతున్నయి, జర కూసోనియ్యుండ్రి. పరిశోధనల బంద్‌లను గుడ లెక్కగట్టిన నేనే నిన్నటి బంద్‌ల ఎట్ల ఇరుక్కున్ననో చెప్తే నమ్మరు.

నా పీహెచ్‌డీ ఏందో మీకు ఎరుకే గద. పీహెచ్‌డీ స్కాలర్లు ఎప్పుడు చేరుతరు, ఎక్కడ ఆగుతరు, ఎప్పుడు బయటపడుతరు, అంతా కంప్యూటర్ల ఉత్తుత్తిగ నడిపించి ముందే చెప్పే మోడల్. మందికి ప్లానింగ్ చెప్పెటోన్ని, నాదే ఆరేండ్లయింది. గడువు నిన్నటితోని ఖతం. ఆఖరి చాప్టర్ మీద గైడ్ సారు సంతకం తీసుకొని థీసిస్ యూనివర్సిటీ ఆఫీసుల ఇయ్యకుంటే రిజిస్ట్రేషన్ క్యాన్సిలే.

పోయిన వారం నా పీహెచ్‌డీ పని చూసే కమిటీ ముందల మోడల్‌ల నన్నే ఉదాహరణగ పెట్టిన. బంద్ నాడు పని సున్న అని రాసిన. దిల్‌సుఖ్‌నగర్ల షటర్లు పడి, ఎల్బీ నగర్ల బస్సు కదలకపోతే చదువెట్ల నడుస్తది? నా ఆలస్యమంతా బంద్‌ల మీదికి తోసేద్దామని చూసిన.

కమిటీల ఒక మేడం, సారు చాప్టర్లు దిద్దిన అసలు తారీఖులు ఎక్కించమన్నది. డైరీ తీసి ఎక్కించిన. ఐదు చాప్టర్లకు ఐదూ బంద్ నాడే దిద్దిండు! మామూలు దినాల సారుకు మీటింగులు. బంద్ నాడైతే వనస్థలిపురంల ఇంట్ల దొరుకుతడు, నేను నడుసుకుంట పోయి ఎదురుంగ కూసుంట. ఆరేండ్ల సంది పోతున్న, నాకే సమజ్ కాలే.

మేడం ఊకోలే, బంద్‌లు తీసేసి నడపమన్నది. తీసేస్తే, మోడల్‌ల నేను రిటైర్మెంట్ వయసు దాటినా పీహెచ్‌డీ లోపల్నే తిరుగుతున్న. కమిటీ అంతా నవ్వింది.

కమిటీలనే కూసున్న మా సారుది గుంటూరు. మెల్లగ, "ఇదేంటయ్యా, రీసెర్చి నా మీద చేశావా?" అన్నడు. ఆఖరి చాప్టర్ ఎప్పుడు చూస్తరని అడిగితే గడువు దాంక రోజూ మీటింగులేనన్నడు.

ఇగ టీవీ ముందల కూసున్న. రేపు బంద్ అని రాంగనే కాలనీ అంతా పాల ప్యాకెట్లకు ఉరికితే, నేను సారుకు ఎర్ర పెన్ను కొననీకి ఉరికిన.

నిన్న పొద్దుగాలనే సారు ఇంటికి పోయిన. దిద్దిండు, సంతకం పెట్టిండు. థీసిస్ సంకల పెట్టుకొని దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట దాటి నడిచి నడిచి యూనివర్సిటీకి పోయిన. ఆఫీసుకు ఇంత పెద్ద తాళం!

వాచ్‌మన్ తాత నన్ను కింది నుంచి మీది దాంక చూసిండు. "గడువు రేపటికి పెంచిండ్రు బిడ్డా. బంద్ నాడు ఎవడన్న పని చేస్తడా?" అన్నడు.

గా మాట మోడల్‌ల రాసిందే నేను.