తోడల్లుడి బండికి వేసిన అతుకు

కోచ్కోర్ సంత దాటి కొండ మీది సోన్‌కుల్ సరస్సు వైపు వెళ్తే దారి పక్కన ఒక రేకుల షెడ్డు వస్తుంది. అందులో వెల్డింగు చేసే షర్షెన్ కంటికి లోకంలో ఎవరూ ఆనరు. రాజధాని బిష్కెక్ వాళ్ళు ఉత్త గాలి మనుషులు. టూరిస్టులను తిప్పే డ్రైవర్లు బండ్ల పాలిటి కసాయిలు. పక్క షెడ్డు మెకానిక్ చేతులు పిండి పిసకడానికి తప్ప ఎందుకూ పనికిరావు. ఎవరి బండి వచ్చినా షర్షెన్ ముందు దాని వెనక్కి వెళ్ళి బంపరు కింద వేలు పెట్టి రాస్తాడు. మట్టి అంటితే మాట్లాడతాడు, అంటకపోతే పక్కకి ఉమ్ముతాడు. ఇంత పొగరూ ఎలా చెల్లుతోందంటే, ఆయన వేసిన అతుకు ఊడిందని ఆ లోయలో ఎవరూ అనగా వినలేదు.

ఆ మధ్యాహ్నం వచ్చిన ల్యాండ్ క్రూజర్ కింద మట్టి లేదు. దిగినవాడు తోడల్లుడు మెదెర్. షర్షెన్ భార్య బర్చిన్ చెల్లెల్ని చేసుకుని బిష్కెక్‌లో ఏదో ఆఫీసులో పనిచేస్తాడు. కాలరు నలగని మనిషి. వాణ్ని చూస్తే షర్షెన్‌కి ఒళ్ళు మండుతుంది. కిందటి చలికాలం అత్తగారింట గొర్రె కోసినప్పుడు, పెద్దల్లుడికి రావలసిన రొమ్ము మాంసాన్ని వడ్డించేవాడు పొరపాటున మెదెర్ ముందు పెట్టాడు. మెదెర్ వెంటనే పళ్ళెం ఇటు జరిపాడు. అంత మర్యాదగా జరపడం షర్షెన్‌ని ఇంకా కాల్చింది. మాంసం అరిగింది గానీ ఆ అవమానం ఇప్పటికీ అరగలేదు.

"అన్నా, పెద్ద టైర్లు వేయించాను. స్టెప్నీ ఇంక బండి కింద పట్టట్లేదు. వెనక బంపరు మీద తగిలించేలా ఒక ఇనప చెయ్యి కట్టిపెడతావా? వెనక తలుపు తీయాలంటే ఆ చెయ్యి పక్కకి తిరగాలి," అన్నాడు మెదెర్.

"పెద్ద టైర్లా? దేనికిరా, ఆఫీసు మెట్లెక్కడానికా?"

మెదెర్ నవ్వేశాడు. "ఎక్కుతుందేమో చూద్దాంలే అన్నా."

"గోరు విరిగితే సెలవు పెట్టే మొహాలకి కొండ టైర్లు కావలసొచ్చాయి. పో, ఆ నీడలో నిలబడు. నిప్పురవ్వ పడితే చొక్కా కాలిపోద్ది, మళ్ళీ ఏడుస్తావు."

బంపరు కోసి, చెయ్యి తిరిగే కీలు దిమ్మను లోపల ఛాసిస్ చట్రం దాకా దింపి, చుట్టూ దళసరి పలకలు పెట్టి అతకాలి. అంత బరువు చక్రం ఒంటి చేతి మీద వేలాడుతుంది మరి. షర్షెన్ ఆ పని కళ్ళు మూసుకుని చెయ్యగలడు. చెయ్యలేదు. బంపరు పైరేకు మీదే దిమ్మ నిలబెట్టి చుట్టూ అతికేశాడు. ఈ బండి తారు రోడ్డు దిగేదా చచ్చేదా అనుకున్నాడు. చేతకానివాడు చెడగొడితే జాలిపడొచ్చు. చేతనై చెడగొట్టినవాణ్ని ఏమనాలో మీరే చెప్పండి.

గ్రైండర్ పట్టి నల్ల రంగు కొట్టేసరికి అతుకు నున్నగా మెరిసింది. మెదెర్ చక్రం బిగించి, గొళ్ళెం వేసి, తీసి, మళ్ళీ వేసి చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు.

"నీ చెయ్యి పడింది కదన్నా, ఇంక నాకు దిగుల్లేదు."

"ఆ, ఆ. వెళ్ళి కడిగి తుడుచుకో," అన్నాడు షర్షెన్.

ఆ సాయంత్రం బర్చిన్ టీ పోస్తూ, "రేపు పొద్దున్నే బయల్దేరాలి, తెలుసుగా?" అంది.

"ఎక్కడికి?"

"సోన్‌కుల్‌కి. తను పుట్టిన మేతమైదానం ఒక్కసారి చూపించమని అమ్మ ఎన్నేళ్ళుగా అడుగుతోంది! నువ్వేమో వచ్చే వేసవి, వచ్చే వేసవి అంటూనే ఉన్నావు. మెదెర్ ఆ టైర్లు వేయించింది అందుకేనంట. అమ్మా చెల్లీ ఆ బండిలో. వాళ్ళ వెనకే మనం, మన డొక్కు కారులో."

షర్షెన్ నోట్లో రొట్టె నోట్లోనే ఉండిపోయింది. ఒక్క మాట చెప్తే చాలు, పొద్దున్నే విప్పి సరిగా కట్టెయ్యొచ్చు. కానీ ఏమని చెప్పాలి, ఆ కాలరుగాడికి? ఏం కాదులే అని ముసుగుతన్నాడు.

మర్నాడు కుముష్ అత్తమ్మ మఖమలు కోటు వేసుకుని ల్యాండ్ క్రూజర్ ముందు సీట్లో పెళ్ళికూతురిలా కూర్చుంది. తారు ఉన్నంతసేపూ బాగానే సాగింది. తారు అయిపోయి దారంతా గతుకులయ్యేసరికి, ముందు బండి వెనక తగిలించిన చక్రం తలూపడం మొదలుపెట్టింది. షర్షెన్ కారు నెమ్మదించాడు.

"ఏంటి, మా మరిది రేపిన దుమ్ము కూడా నీకు పడదా? అంత వెనకబడ్డావు!" అంది బర్చిన్.

కనుమ మలుపులు మొదలయ్యాయి. పైనుంచి ఆ చక్రం ఊడితే కింది మలుపులో ఎవరి నెత్తిన పడుతుందో దేవుడికే తెలియాలి. హారన్ కొట్టాడు. మెదెర్‌కి వినపడలేదు. చక్రం తలూపుతూనే ఉంది.

అంతలో ఒక గొర్రెల మంద అడ్డం వచ్చి ముందు బండి ఆగింది. షర్షెన్ దిగి పరుగెత్తాడు. దిమ్మ మొదట్లో రంగు చిట్లి, రేకు పైకి లేచింది. అరచేత్తో నొక్కితే చక్రంతో సహా మొత్తం కిందకి ఊగింది.

మెదెర్ కూడా దిగి చూశాడు. మొహం పాలిపోయింది. "నా తప్పే అన్నా. గుంతలు చూసుకోకుండా కొట్టేశాను. నువ్వేమో అంత కష్టపడి కట్టావు."

కుముష్ కర్ర ఊతంతో దిగి చిన్నల్లుడి మీద విరుచుకుపడింది. "నీ తప్పే మరి! మా పెద్దల్లుడి అతుకు ఊడటం ఈ లోయలో ఎవరైనా చూశారా? స్టీరింగు పట్టుకుంటే సరా? కొండ తెలియాలి! పట్నం పురుగువి, నీకేం తెలుస్తుంది!"

మెదెర్ తల దించుకున్నాడు.

చలికాలం నుంచి షర్షెన్ చెవులు ఈ మాట కోసమే కొట్టుకుంటున్నాయి. అత్తగారి నోటి నుంచి, మెదెర్ మొహం మీద, పెళ్ళాం వింటుండగా. ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు. ఎవరికీ ఎప్పటికీ తెలియదు. మెదెర్ మాత్రం చొక్కా మాసిపోతుందని కూడా చూడకుండా ఆ చక్రాన్ని కింద నుంచి రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు, గొర్రెల మీద పడకుండా.

"వాణ్ని అనకు అత్తమ్మా," అన్నాడు షర్షెన్. "నేనే దిమ్మని ఛాసిస్‌కి అతికించలేదు. పైరేకుకి అతికించాను."

"మర్చిపోయావా?" అంది కుముష్.

"లేదు. వీడు కొండెక్కేదేముందిలే అని."

బర్చిన్ మొగుడి వైపు ఒకసారి చూసి మొహం తిప్పుకుంది. మంద సగం దాటింది.

"నీ నోరు మంచిది కాదని పిల్లనిచ్చేటప్పుడే అందరూ చెప్పారు నాయనా," అంది కుముష్. "నోరెలా ఉంటేనేం, పనిలో దొంగబుద్ధి లేదని నేనే వాళ్ళ నోళ్ళు మూయించాను. ఇంక వాళ్ళకేం చెప్పుకోను?"

షర్షెన్ కారులోంచి పానా తెచ్చి చక్రం బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు. చక్రం బరువంతా మెదెర్ చేతుల మీదే ఉంది.