కాటా గుమాస్తాకు అందని తాంబూలం

1952, కార్తీక మాసం. అనంతపురం సెషన్స్ కోర్టులో నేను బెంచ్ క్లర్కుని, అంటే జడ్జిగారి ముందు కూర్చుని కేసు కాగితాలు అందించేవాణ్ణి. ఆ రోజుల్లో దోపిడీ కేసులు జ్యూరీతో విచారించేవారు. కాస్త చదువూ ఆస్తీ ఉన్నవాళ్లకు సమన్లు పంపి, వచ్చినవాళ్లలో చీటీలు తీసి, ముద్దాయి దోషో కాదో తేల్చడానికి కొందరిని కూర్చోబెట్టేవారు. రాకపోతే జరిమానా.

ఆ పొద్దు చీటీలు తీయకముందే నాగప్ప నా దగ్గరికి వచ్చాడు. కొత్తచెరువు మనిషి. వేరుశనగ మిల్లులో కాటా గుమాస్తా, రైతుల బస్తాలు తూచే పని.

"సార్, నన్ను వదిలేయమని జడ్జి దొరకు చెప్పండి. సీజన్లో కాటా ఇడిచి పోతే మళ్లా ఈ గడప తొక్కొద్దన్నాడు మా షావుకారు."

"చేను లేదా నీకు?"

"చేనుండాది. వాన యాడుండాది సార్? ముసలి నాయన, ముగ్గురు పిల్లోల్లు. అందురూ ఆ కాటా మీదనే బతుకుతాండాము."

సంగతి చెప్పగానే జడ్జిగారికి కోపం వచ్చింది. కోర్టు పిలిచినవాణ్ణి బెదిరించడమేమిటని షావుకారును పిలిపించారు. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అంత వినయం నేను పూజారుల్లో కూడా చూడలేదు.

"తీసేస్తానని నేను యాడన్న్యాను సామీ? నాగప్ప మా ఇంటి మనిషి. వాని కాటా వానికే ఉంటాది."

జడ్జిగారు సంతోషించారు. నాగప్ప మాత్రం తల ఎత్తలేదు. చీటీల్లో అతని పేరు వచ్చింది, విచారణ అయ్యేదాకా శ్రద్ధగా కూర్చున్నాడు. తిరిగి వెళ్తే, అన్నట్టే షావుకారు సీజను ముగిసేదాకా కాటా దగ్గరే ఉంచాడు.

ఇక్కడ మిల్లుల రివాజు ఒకటి చెప్పాలి. సీజను ముగిస్తే అందరి పనీ ముగిసినట్టే. మళ్లీ కాయలు దిగే ముందు మిల్లు మేస్త్రీ ఇంటింటికీ తిరిగి తాంబూలం ఇస్తాడు. అది అందుకున్నవాడికే ఆ ఏడు పని. మరుసటి ఏడు కార్తీకం రాకముందే మేస్త్రీ నాగప్ప పక్కింట్లో తాంబూలం ఇచ్చి, ఎదురింట్లో ఇచ్చి, వెళ్లిపోయాడు.

నాగప్ప కోర్టుకు వచ్చాడు. అప్పటికి జడ్జి మారారు. కొత్తాయన ఓపికగానే విన్నారు.

"పనిలోంచి తీసేశారా?"

"లేదు సామీ. పిలవలేదు."

"పిలవలేదని ఎవరిని ఏ సెక్షన్ కింద అడగమంటావు?"

నేనూ పుస్తకాలు తిరగేశాను. రాని జ్యూరర్‌కు శిక్ష ఉంది. వచ్చినవాడి పొట్ట కొట్టినవాడికి ఒక్క ముక్క లేదు. షావుకారు మీద నాకు ఎంత కసి పుట్టిందో, ఆ పుస్తకాల మీదా అంతే పుట్టింది. కోర్టు మనిషితో మనకెందుకని మిగతా మిల్లులవాళ్లూ నాగప్పను రానివ్వలేదు.

ఆపైన వేసవిలో మరో దోపిడీ కేసు. జ్యూరీ జాబితాలో పేర్లు ఎవరు మారుస్తారు? నాగప్పకు మళ్లీ సమన్లు పోయాయి, మళ్లీ వచ్చాడు. వేళ్లు పగిలి ఉన్నాయి.

"ఇబ్బందుంటే చెప్పు నాగప్పా. జడ్జిగారితో నేను మాట్లాడతాను."

"ఏమొద్దు సార్. రోడ్డు మీద కంకర కొట్టను పోతాండా. ఇంగ నన్ను బెదిరించేదానికి ఎవురి చేతిలో ఏముండాది?"

మనిషిని కోర్టుకు రప్పించే చట్టం రాసినవాళ్లు అతని కూటికి కాపలా రాయలేదని నాగప్ప వల్ల తెలిసింది. ఆ పొద్దు చీటీల్లో అతని పేరు రాకూడదని దేవుణ్ణి వేడుకున్నాను. వచ్చింది. పిలిచింది నేనే.